నాలుగో దోసిలి

గుండ్లవంకలో ఎండాకాలం నీళ్లు పారిన మొదటి రోజు నారాయణప్ప గట్టు మీద కొబ్బరికాయ కొట్టాడు. తర్వాతి కాలంలో ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఆయనకు తన మీద తనకే ఒళ్లు మండేది.

ఆ రోజు మాత్రం ఎవరికి తెలుసు? వల్లూరు పొలిమేరలో గొర్రెలు కాసుకునే గొల్లలు నలభై ఇళ్లు వేసుకుని హట్టి కట్టుకున్నప్పటి నుంచీ గుండ్లవంక ఏడాదిలో రెండు నెలలు పారితే అదే పదివేలు. తక్కిన రోజుల్లో ఇసుక, గుండ్రాళ్లు, కంపచెట్లు. అలాంటి వంక నడి వేసవిలో చీలమండ లోతున గలగలమంటుంటే ముసలీ ముతకా అంతా చేతులు కళ్లకు అడ్డం పెట్టుకుని వచ్చి చూశారు. గంగమ్మ దిగొచ్చిందన్నారు. కాయ కొట్టింది మాత్రం నారాయణప్పే.

వారం తిరగకుండానే గంగమ్మ గుట్టు బయటపడింది. సోలార్ పార్కు కంచె కింద నుంచి లావుపాటి పైపు ఒకటి వంకలోకి నోరు తెరుచుకుని ఉంది. తెల్లవారుజామున కరెంటు తీసే సోలార్ ప్లేట్లు కడిగిన నీళ్లన్నీ ఒకచోట చేరి అందులోంచి వంకలో పడుతున్నాయి.

"యాడి నీళ్లయితే ఏంది, జీవాలకు దప్పిక తీరితే సాలు," అన్నాడు నారాయణప్ప.

జీవాలంటే గొర్రెలు. హట్టిలో అవి ఇంక ఆయనకొక్కడికే మిగిలాయి. తక్కినవాళ్లంతా శెనక్కాయ చేలు సోలారుకు కౌలుకిచ్చి, మందలమ్ముకుని, నెత్తిన పసుపు టోపీలు పెట్టుకుని ప్లేట్లు తుడవడానికో, గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోవడానికో పోతున్నారు. నారాయణప్ప చేను ఇచ్చాడు గానీ మందను వదల్లేదు. "మంద పోతే పొద్దున్నే లేసి నేను యాడికి పోవల్ల?" అనేవాడు.  ఒక్క గొర్రెకు కాలు బెణికినా ఆయన అన్నం సరిగ్గా తినేవాడు కాదు. "నాకు జొరమొస్తే కూడా ఇంత దిగులు పడడు ఈ మనిషి," అని ఆయన భార్య హనుమంతమ్మ వచ్చేపోయే వాళ్లందరి దగ్గరా దెప్పేది.

కార్తీకంలో మొదలైంది. కడుపుతో ఉన్న గొర్రెలు నెలలు నిండకుండానే ఈచుకుపోసాగాయి. పొద్దున్నే మందను తోలే రొప్పంలోకి పోతే కంపకంచె వారగా బొచ్చయినా రాని పిల్లలు తడిముద్దలుగా పడి ఉండేవి. తల్లులు వాటిని మూతితో కదుపుతూ నిలబడేవి. పశువుల డాక్టరు వచ్చి సూదులు వేసి పోయాడు. పసర్లు పోశారు, మొక్కులు మొక్కారు. కొన్నిటికి నోళ్లలో పుళ్లు లేచాయి, కొన్నిటికి బొచ్చు కుచ్చులు కుచ్చులుగా ఊడింది. పెద్దవి కూడా ఒక్కొక్కటే చస్తూ ఉగాది నాటికి నలభై జీవాల మంద సగానికి దిగింది. ప్రతి చచ్చిన పిల్లనూ నారాయణప్ప తన చేతుల్తోనే పూడ్చాడు, ఇంకొకరిని ముట్టుకోనివ్వలేదు.

అసలు సంగతి పట్టింది ఆయన కూతురు నేత్రావతి. పీయూసీ, అంటే ఇంటరు, చదివిన పిల్ల, రెండు పనులు చేస్తుంది. తెల్లవారుజామున ఎండెక్కకముందే ప్లేట్లు కడిగే ఆడవాళ్ల గుంపులో పోతుంది. పగటిపూట ఆడవాళ్ల సంఘం తరఫున పంచాయితీకి నీళ్ల పరీక్ష చేస్తుంది. దానికి శిక్షణ ఇచ్చి ఒక నీలం పెట్టె చేతికిచ్చారు. కొళాయి నీళ్లు చిన్న గాజు గొట్టంలో పట్టి, మందుచుక్కలు వేసి, రంగు చూసి, ఫ్లోరైడు ఎంతో ఉప్పు ఎంతో పుస్తకంలో రాస్తుంది. నారాయణప్పకు ఆ పెట్టె మీద నమ్మకం లేదు, కూతురి మీద ఉంది.

"నాయనా, జీవాలకు రోగం కాదు, నీళ్లే," అంది ఆ పిల్ల ఒకరోజు పని నుంచి వస్తూనే. "ప్లేట్ల కింద గడ్డి మొలవకుండా గడ్డిమందు కొడతాండారు. డ్రమ్ముల మీద పుర్రె బొమ్మ ఉండాది, నేను నా కండ్లతో సూసినా. కడిగిన నీళ్లు, సబ్బు, ఆ మందు, అన్నీ కలిసి మన వంకలోకే వస్తాండాయి."

"మరి నీ పెట్టెలో ఏసి సూడు."

"నా పెట్టెకు గడ్డిమందు తెలీదు నాయనా. తాలూకా ల్యాబుకు పంపల్ల. కాగితం మీద రావల్ల. కాగితం లేకుంటే మన మాట ఎవురింటారు?"

రాత్రి కూర్చుని, అక్కడి ఆఫీసుల్లో నడిచే కన్నడంలో అర్జీ రాసింది. తనకు కూలి ఇచ్చే కాంట్రాక్టరు మీదే అర్జీ పెడుతున్నానని తెలిసే రాసింది. పంచాయితీ పనులు చూసే అధికారిణి పిడిఓ మేడం నెమ్మదస్తురాలు, అర్జీ తీసుకుని అందరినీ పిలిపించింది. కాంట్రాక్టరు మనిషి కూడా వచ్చాడు. ల్యాబు రిపోర్టులో నీళ్లు చెడ్డవని వస్తే పైపు మూసేస్తామని, జీవాలకు వేరే తొట్టి కట్టించి నీళ్లు పోస్తామని నలుగురి ముందూ ఒప్పుకుని పుస్తకంలో సంతకం పెట్టాడు. నారాయణప్పకు ప్రాణం లేచొచ్చింది. మందలో బొల్లి అనే ముసలి గొర్రె ఒకటి మూడు నెలల కడుపుతో ఉంది. మంద అంతా దాని వెనకే నడుస్తుంది. పైపు మూతపడితే బొల్లి ఒడ్డున పడుతుందని, బొల్లి ఒడ్డున పడితే మంద మళ్లీ లేస్తుందని ఆయన లెక్క.

ల్యాబు నుంచి సీసా ఒకటే వచ్చింది. తెల్ల మూత, మీద కాగితం అంటించి ఉంది. సోమవారం ఎనిమిది గంటలకల్లా నింపి పంచాయితీలో ఇస్తే, నీళ్లు వదిలే నీరుగంటి రంగనాథ దాన్ని బండి మీద పావగడలోని ల్యాబుకు చేరుస్తాడు. నేత్రావతి తనే నింపాలనుకుంది. కానీ ఆదివారం సాయంత్రం ప్లేట్లు కడిగించే మేస్త్రీ కబురు పంపాడు, రేపు అందరూ రావాల్సిందే, రాకపోతే ఇక రానక్కర్లేదని. ఆ కబురు ఎందుకొచ్చిందో ఇంట్లో ముగ్గురికీ తెలుసు.

"నువ్వు పట్టు నాయనా. నేను సెప్పినట్లే సెయ్యి. సీసా కడగద్దు. లోపల వేలు పెట్టద్దు. గాలి లేకుండా మూతి దాకా నింపు. నింపినంక బిర్రుగా మూత బిగించు."

"సరే."

"ఏం సెప్పినా, సెప్పు?"

చిన్నపిల్లాడిలా అప్పజెప్పాడు నారాయణప్ప. ఆ పిల్ల నాలుగైదు మార్లు అడిగింది, ఆయన నాలుగైదు మార్లూ తప్పు లేకుండా చెప్పాడు. ఎక్కడ పట్టాలన్నది మాత్రం ఆ పిల్ల చెప్పలేదు, ఆయన అడగలేదు. చెప్పాల్సిన మాటని ఇద్దరికీ తోచలేదు.

సోమవారం పొద్దున మందను తోలుకుని వంకలోకి దిగాడు. పైపు పడే చోట మడుగు కట్టి ఉంది. పైన పచ్చటి జిడ్డు, అంచుల్లో సబ్బు నురగ, నురగలో తెల్లని పొట్టలు పైకి పెట్టి నాలుగు కప్పలు. ముక్కు పుటాలు మండే వాసన. అయినా బొల్లి ఆగలేదు, పోయి మూతి పెట్టింది. దాన్ని కట్టెతో అదిలించి నారాయణప్ప మడుగు అంచున గొంతుక్కూర్చున్నాడు. సీసా మూత తీశాడు. చెయ్యి చాపాడు. చెయ్యి ముందుకు పోలేదు.

ఇక్కడ హట్టి మనుషుల సంగతి ఒకటి చెప్పాలి. వాళ్లు ఎంత బీదవాళ్లయినా, ఎంత పోట్లాడుకున్న మనిషయినా, ఎదుటివాడికి మురికి నీళ్లు ఇవ్వరు. వంకలో పారే నీళ్లు జీవాలకు. మనిషికి చెలమ తీయాలి. గట్టు వారన ఇసుకలో మోచేతి లోతు గుంట తవ్వితే నీళ్లు ఊరతాయి. ఊరిన నీళ్లు వెంటనే ముట్టుకోకూడదు. మొదటి దోసిలి భూమికి, రెండోది జీవాలకు, మూడోది ఈ దారిన ముందు పోయినవాళ్లకు. మూడూ పారబోశాక నీళ్లు తేటపడతాయి. నాలుగో దోసిలి దప్పికైన మనిషికి. నారాయణప్పకు నడక రాకముందే వాళ్లమ్మ ఇది నేర్పింది. అరవై రెండేళ్లలో ఆయన మూడు దోసిళ్లు పారబోయకుండా ఎవరి చేతికీ నీళ్లు ఇచ్చి ఎరగడు.

సీసా పట్టుకుని అలా కూర్చుంటే ఆయనకు పావగడ కనిపించింది. చూడని ల్యాబు, చూడని మనుషులు. తెల్ల చొక్కా వేసుకున్న ఎవరో మూత తీసి ముక్కు మూసుకుని, "ఎవరయ్యా ఈ హట్టివాళ్లు, ఇట్లాంటివి పంపినారు?" అంటున్నట్టు అనిపించి సిగ్గేసింది. ఇంకో భయం కూడా పట్టుకుంది. ఈ కప్పల నీళ్లు పంపితే, మీరే పేడా పెంటా కలిపి తెచ్చారని అంటారు. కాంట్రాక్టరు మనిషి అననే అంటాడు. తేటనీళ్లు పంపితే ఆ మాటకు చోటుండదు. విషమంటూ ఉంటే అది తేటనీళ్లలో మాత్రం ఉండదా? వంక ఒకటే కదా, పైన పారేదీ అదే, ఇసుకలో ఊరేదీ అదే. అంత పెద్ద చదువులు చదివినవాళ్లు ఆ మాత్రం పట్టుకోలేరా? ఆలోచించేకొద్దీ ఆయనకు తన తెలివి మీద తనకే ముచ్చటేసింది.

లేచి నలభై అడుగులు దిగువకు నడిచాడు. గట్టు మలుపులో కానుగ చెట్టు కింద హట్టివాళ్లు ఎప్పుడూ చెలమ తీసే చోటుంది. మోకాళ్ల మీద కూర్చుని తవ్వాడు. ఊట వచ్చింది. ఒకటి, రెండు, మూడు దోసిళ్లు పారబోశాడు. నాలుగోసారికి అడుగున ఇసుక రేణువులు లెక్కపెట్టేంత తేటగా నిలిచాయి నీళ్లు. సీసా కడగలేదు. లోపల వేలు పెట్టలేదు. ఉతికిన తుండుగుడ్డ మూతికి అడ్డం పెట్టి వడగట్టి, గాలి లేకుండా నింపాడు. వడగట్టొద్దని కూతురు చెప్పలేదు మరి.

పంచాయితీ ముందు రంగనాథ సీసాను ఎండకెత్తి చూశాడు. "ఏంది మామా, ఇంత తేటగుండాయి?"

"మన వంక నీళ్లప్పా," అన్నాడు నారాయణప్ప, పొగిడించుకున్నవాడిలా నవ్వుతూ. "బద్రంగా తీసకపో."

సాయంత్రం కూతురు మళ్లీ అడిగింది. కడగలేదు కదా? లేదు. నిండా పట్టినావా? పట్టినా. ఆ పిల్ల తృప్తిగా నిట్టూర్చి మంచం మీద వాలింది. ఆయన కూడా ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

రిపోర్టుకు మూడు వారాలు పట్టింది. ఈలోగా ఇంకో రెండు గొర్రెలు ఈచుకుపోయాయి. వై.ఎన్.హొసకోట సంతలో జీవాలు కొనే బొమ్మన్న వచ్చి రొప్పం చుట్టూ తిరిగి, "ఉన్నప్పుడే ఇచ్చేయన్నా, రేపు తోలు మిగలదు," అన్నాడు. "కాగితం వస్తాది, ఆగు," అన్నాడు నారాయణప్ప. బొల్లిని మడుగు దగ్గరకు పోనివ్వకుండా మెడకు తాడు కట్టి, ఇంటి కొళాయి నీళ్లు బక్కెట్టులో పెట్టాడు. గొర్రెకు బక్కెట్టు కొత్త. మూతి పెట్టి, తుమ్మి, వంక వైపే చూసేది.

కాగితం వచ్చిన రోజు పంచాయితీ హాలు నిండిపోయింది. పిడిఓ మేడం నిలబడి కన్నడంలో చదివింది. మురికి లేదు. సబ్బు లేదు. గడ్డిమందు జాడ లేదు. ఫ్లోరైడు కూడా కొళాయి నీళ్లకంటే తక్కువ. ఈ నీళ్లు పశువులకే కాదు, మనుషులకు కూడా పనికొస్తాయి.

కాంట్రాక్టరు మనిషి నవ్వలేదు, గెలిచినట్టు మాట్లాడలేదు. "మేం సెప్పలేదా మేడం," అని మాత్రం మెల్లగా అన్నాడు.

నేత్రావతి మొహంలో నెత్తురు చుక్క లేదు. లేచి నిలబడింది. "అబద్దం! సీసా మార్చినారు. మడుగులో కప్పలు సచ్చి తేలుతాండాయి, ల్యాబులో ఏమీ లేదంటే ఎట్ల?" గిర్రున తిరిగి గోడవారన నిలబడ్డ రంగనాథ వైపు వేలు చూపింది. "తీసకపోయింది నువ్వు. ఎవురిచ్చినారు నీకు? ఎంతకు మార్చినావు?"

హాలంతా కలకలం రేగింది. రంగనాథ ముగ్గురు పిల్లల తండ్రి, నెల జీతం మీద బతికేవాడు. "దేవుని మీద ఒట్టు అక్కా, నేను మూత కూడా ముట్టలేదు," అంటూ చేతులు జోడించాడు. పిడిఓ మేడం కలం తీసింది. ఇది పోలీసుల దాకా పోయే మాట అంది.

"నాయనా, నువ్వు సెప్పు," అంది నేత్రావతి. "పట్టింది నువ్వు కదా. మడుగులోనే కదా పట్టింది?"

అప్పుడు గాని నారాయణప్పకు అర్థం కాలేదు.  అవునంటే రంగనాథ బతుకు పోతుంది. కాదంటే బొల్లి పోతుంది, మంద పోతుంది, నలుగురిలో కూతురి మాట పోతుంది. అబద్ధమాడదామనే అనుకున్నాడు, నిజం చెప్పాలంటే. నోరు కూడా తెరిచాడు. రంగనాథ చెంపల మీద కారుతున్నవి చూసి ఆగిపోయాడు.

"ఆ పిల్లోని తప్పు లేదు," అన్నాడు. "నేను సెలమ తీసి పట్టినా. మూడు దోసిళ్లు పారబోసి, వడగట్టి పట్టినా."

 ముందు వరసలో కూర్చున్న కరియమ్మ, హట్టిలో అందరికంటే పెద్దది, చుట్టూ చూసి అడిగింది. "అయితే ఏమాయె? మంచి నీళ్లే కదా ఎవురికైనా ఇయ్యాల్సింది?"

ముసలివాళ్లంతా తలలూపారు. నారాయణప్ప ఏం తప్పు చేశాడో వాళ్లకు నిజంగానే తెలియలేదు. వెనక నిలబడ్డ కుర్రవాళ్లు ఫక్కున నవ్వారు. ఆ నవ్వు ఆయనకు వీపు మీద దెబ్బలా తగిలింది.

పిడిఓ మేడం జాలిపడింది. జాలితో కాగితాలు మారవు. నమూనా ఇచ్చింది మీరే, వంకలోంచే ఇచ్చారు, రిపోర్టు వచ్చేసింది, మళ్లీ పరీక్ష కావాలంటే కొత్త అర్జీ, అదీ మూడు నెలలు పోయాక అంది. పుస్తకంలో ఏదో రాసి మూసేసింది.

ఇంటికొచ్చాక నేత్రావతి ఏడ్చింది. కోపం తీరేదాకా ఏడ్చి, అప్పుడంది. "నీళ్లు బాగుండాయని సెప్పేకి కాదు నాయనా, బాగలేవని సెప్పేకి కదా సీసా ఇచ్చింది!"

"ఆ నీళ్లు ఒకరి సేతికి ఎట్ల ఇచ్చేది పాపా?" అన్నాడు నారాయణప్ప.  హనుమంతమ్మ అన్నం పెట్టింది, ఎవరూ తినకపోతే తీసేసింది.

మర్నాడే నేత్రావతిని పనిలోకి రావద్దన్నారు. కారణం చెప్పలేదు. రిపోర్టు చదివిన పద్దెనిమిదో రోజున బొల్లి తాడు తెంపుకుని వంకలోకి పోయింది. నారాయణప్ప వెతుక్కుంటూ పోయేసరికి మడుగులో మూతి పెట్టి ఆబగా తాగుతోంది. కొట్టడానికి కట్టె ఎత్తి, కొట్టలేక దింపేశాడు. ఐదు రోజులకు ఈచుకుపోయింది. ఈసారి బొచ్చు వచ్చిన పిల్ల, నుదుట తల్లికున్నట్టే తెల్లమచ్చ. ఇంకో పదిహేను రోజులు నిలిచి ఉంటే నిలబడి పాలు తాగేది. తల్లి మూడో పొద్దు చూడలేదు. రెంటినీ ఒకే గుంటలో పెట్టి, బొమ్మన్నకు కబురు చేశాడు. మిగిలిన వాటిని లారీ ఎక్కిస్తుంటే ఒక్కోదాన్నీ తనే ఎత్తి అందించాడు. లారీ వెళ్లిపోయాక ఖాళీ రొప్పంలో నిలబడి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కంబళి మడత విప్పి మళ్లీ మడిచాడు.

తర్వాత జరిగింది ఇంకా అన్యాయం. ఆ రిపోర్టును పంచాయితీ గోడకు అంటించారు. హట్టివాళ్లు దాన్ని చూసి సంతోషపడ్డారు! కొళాయి నీళ్లతో పళ్లు గారపడతాయి, మోకాళ్లు పట్టేస్తాయి, అది అందరికీ తెలిసిందే. ఫిల్టరు నీళ్ల క్యాన్లు కొనుక్కోవాలి. ఇప్పుడు సర్కారే చెప్పింది, చెలమ నీళ్లంత మంచివి తాలూకాలో లేవని. ముందు కరియమ్మ బిందె పట్టుకుని పోయింది. తర్వాత ఒక్కొక్కరే పోయారు. నారాయణప్ప ఎదురుపడితే, "నీ పుణ్యమాని మంచి నీళ్లు తాగుతాండామప్పా," అనేవారు. వెటకారం కాదు, మనసారానే అనేవారు. హనుమంతమ్మ కూడా తెచ్చి కుండ నింపేది. వద్దని చెప్పడానికి ఆయన దగ్గర ఏ కాగితమూ లేదు, ఉన్న కాగితం ఆయన మాటకే అడ్డం వచ్చేది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి, వంకలో పైపు నీళ్లు తప్ప వేరే నీళ్లు లేకపోయాయి. భాద్రపదంలో నేత్రావతి కొత్త అర్జీ పెట్టింది. అర్జీలో ఒక గడి ఉంది, ఈ నీళ్ల మీద ఆధారపడిన జీవాలు ఎన్ని అని. ఆ పిల్ల కలం పట్టుకుని తండ్రి వైపు చూసింది. "ఒకటీ లేదని రాయి," అన్నాడు ఆయన. రాసింది. పిడిఓ మేడం ల్యాబువాళ్లను ఎలాగో బతిమాలి ఇంకొక్క సీసా తెప్పించింది.

ఈసారి ఇద్దరూ కలిసి పోయారు. మడుగులో ఇప్పుడు కప్పలు కూడా లేవు. నేత్రావతి సీసా ఆయన చేతికే ఇచ్చింది. ఎందుకిచ్చిందో ఆయన అడగలేదు. గొంతుక్కూర్చుని, మొహం పక్కకు తిప్పుకుని, నురగలో సీసా ముంచాడు. బుడగలు ఆగేదాకా చెయ్యి తీయలేదు. మూత బిగించి కూతురికి అందిస్తూ ఆ పిల్ల కళ్లలోకి చూడలేకపోయాడు. తప్పు చేస్తే ఎలా ఉంటుందో, సరైన పని చేస్తే కూడా ఆయనకు అలాగే ఉంది.

"సెయ్యి కడుక్కో నాయనా, మందు ఉంటాది," అంది నేత్రావతి.

కానుగ చెట్టు కిందికి నడిచాడు. పాత చెలమ ఇసుక రాలి పూడిపోయి ఉంది. కొత్తగా తవ్వాడు. ఊట వచ్చింది. ఒకటి, రెండు, మూడు దోసిళ్లు పారబోశాడు. నాలుగో దోసిలి పైకెత్తి ఆగాడు. వేళ్ల సందుల్లో సన్నని నురగ. వాసన చూశాడు. అదే వాసన, పల్చగా. దోసిలి పారబోసి ఐదోది తోడాడు, ఆరోది తోడాడు. పది దాకా లెక్క ఉంది, ఆ తర్వాత లెక్క తప్పింది. నీళ్లు తేటపడటం లేదు. నురగ అంచు కట్టి నిలిచింది.

నేత్రావతి వచ్చి పక్కన నిలబడింది. చేతిలో సీసా ఒకటే, అదీ నిండిపోయింది. చెలమ గురించి లోకంలో ఉన్న కాగితం ఒక్కటే, అది పంచాయితీ గోడ మీద ఉంది.

"ఎన్ని పారబోయల్ల పాపా?" అని అడిగాడు నారాయణప్ప.

అంతలో గట్టు మీద నుంచి కరియమ్మ బిందె చంకన పెట్టుకుని నెమ్మదిగా దిగొచ్చింది. వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్లు, వాళ్ల వెనక ఖాళీ బిందెతో హనుమంతమ్మ.

"సెలమ తీసినావా నారాయణా? సల్లగుండు. మూడు పారబోసినావా?"

"పారబోసినా అత్తా."

"అయితే పక్కకు జరుగు, బిందె ముంచుకోనీ."

నారాయణప్ప జరగలేదు. ఒక్క క్షణం ఆ ముసలామె మొహం చూశాడు. తర్వాత రెండు చేతులతో ఇసుక దోసిట్లోకి తీసుకుని చెలమలో పోశాడు. ఇంకో దోసిలి పోశాడు. దప్పికైన మనిషి వచ్చి నిలబడితే ఊరే చెలమను పూడ్చిన మనిషి హట్టిలో అంతకుముందు లేడు. కరియమ్మకు ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక బిందె కింద పెట్టి నెత్తి కొట్టుకుంది.

"ఒరే పాపిష్టోడా, ఏం జేస్తాండావురా! నీ మంద పోయిందని మా నోట మన్ను కొడతావా? సర్కారు మంచివని రాసిన నీళ్లురా అవి!"

ఆడవాళ్లు అరుస్తున్నారు. హనుమంతమ్మ వచ్చి ఆయన భుజం పట్టి లాగింది. ఆయన కదల్లేదు, కళ్లలోంచి నీళ్లు గడ్డం మీదికి కారుతున్నా తుడుచుకోలేదు. నేత్రావతి సీసాను గట్టు మీద పెట్టి తండ్రి పక్కన మోకాళ్ల మీద కూర్చుని తనూ ఇసుక తోసింది. గుంట పూడేదాకా ఇద్దరూ ఆగలేదు. పూడ్చిన చోట అరచేతులతో అదిమి చదును చేశారు, చచ్చిన పిల్లలను పూడ్చినప్పుడు ఆయన చేసినట్టే.